లెక్క ఒప్పజెప్పవలసిన వారము



ధ్యానము కొరకు: లూకా 2:41–52, ఎజ్రా 8:21–34, ఆదికాండము 33:12–14

వేసవి సెలవులు దగ్గర పడ్డాయి. వి.బి.ఎస్. ముగిశాక పిల్లల్ని ఒకరోజు ఎటైనా తీసుకెళ్దామని చుట్టుపక్కల సంఘాలవారు ఆలోచిస్తున్నారు. సంక్రాంతి సెలవుల్లో మన సండేస్కూలు పిల్లల్ని ఎత్తిపోతలకు, అనుపుకు తీసుకెళ్లి వచ్చాం కదా, అప్పుడు ఏమేం ఏర్పాట్లు చేశారో రాయండి అయ్యగారూ అని ఇద్దరు ముగ్గురు కాపరులు అడిగారు. ఏర్పాట్లతో పాటు ఆ ప్రయాణానికి ముందు మన సంఘంలో జరిగిన ఒక చర్చను కూడా రాయాలనిపించింది. ముందు వాక్యం దగ్గరికి వెళ్దాం.

పస్కా పండుగ అయిపోయింది. నజరేతు నుంచి వచ్చినవాళ్లు గుంపుగా తిరుగు ప్రయాణం కట్టారు. గుంపులో బంధువులున్నారు, ఊరివాళ్లున్నారు, అందరూ తెలిసిన ముఖాలే. పన్నెండేళ్ల యేసు మాత్రం యెరూషలేములోనే ఉండిపోయాడు. ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియలేదు. గుంపులో ఎక్కడో ఉన్నాడని అనుకున్నారు. అలా అనుకొని ఒక రోజు ప్రయాణం చేశారు. తరువాత వెదికారు, దొరకలేదు, వెనక్కి వెళ్లారు. మూడు రోజులకు గాని దేవాలయంలో కనబడలేదు.

తండ్రి దగ్గర ఉన్నాడని తల్లి, తల్లి దగ్గర ఉన్నాడని తండ్రి అనుకున్నారేమో. లేఖనం ఆ వివరం చెప్పలేదు. ఒక్కటి మాత్రం స్పష్టం. మరియ, యోసేపు పిల్లవాడిని పట్టించుకోని మనుషులు కారు. దూత మాట విన్నవాళ్లు, బిడ్డ కోసం రాత్రికి రాత్రి ఐగుప్తుకు బయలుదేరినవాళ్లు. అంత జాగ్రత్తగల తల్లిదండ్రులకే అలా జరిగింది. ప్రేమ తక్కువై కాదు, గుంపు మీద నమ్మకం ఎక్కువై. మంచివాళ్ల మధ్య ఉన్నప్పుడే మనం లెక్కపెట్టడం మానేస్తాం. పెళ్లిళ్లలో, కన్వెన్షన్లలో, పిక్నిక్కుల్లో పిల్లలు తప్పిపోయేది అందుకే. ఇరవై మంది పెద్దలు ఉన్నచోట ప్రతివాడూ మిగతా పందొమ్మిది మంది చూస్తున్నారనుకుంటాడు. అంటే ఎవరూ చూడటం లేదని అర్థం.

ఇప్పుడు ఎజ్రా గ్రంథానికి రండి. బబులోను నుంచి యెరూషలేముకు నెలల తరబడి ప్రయాణం. దారిలో దొంగలున్నారు. వెంట చిన్నపిల్లలున్నారు. రాజును సైనికులను అడగడానికి ఎజ్రా సిగ్గుపడ్డాడు, ఎందుకంటే మా దేవుడు మమ్మల్ని కాపాడతాడని అప్పటికే రాజుతో చెప్పి ఉన్నాడు. కాబట్టి అహవా నది దగ్గర ఉపవాసముండి తమ కోసం, తమ బిడ్డల కోసం, తమ సామాను కోసం క్షేమమైన దారిని దేవుణ్ణి అడిగారు. ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ప్రసంగం సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. తరువాతి వచనాలు కూడా చదవాలి. ప్రార్థన అయ్యాక ఎజ్రా పన్నెండుమంది యాజకులను ఏర్పరచాడు. దేవాలయానికి చెందిన వెండి బంగారాలను తూకం వేసి వాళ్లకు అప్పగించాడు. యెరూషలేము చేరిన నాలుగో రోజున వాటిని మళ్లీ తూకం వేయించాడు. లెక్కా, బరువూ రెండూ రాసి పెట్టారు.

ఉపవాస ప్రార్థన చేసిన మనిషే తూకం కూడా వేశాడు. రాజు సైన్యం అక్కర్లేదన్న విశ్వాసం గలవాడే లెక్క లేకుండా కదలనన్నాడు. లెక్కపెట్టడం అతనికి అవిశ్వాసంగా కనబడలేదు. దేవుడికి చెందినది చేతిలో ఉంది గనుక, బయలుదేరినప్పుడు ఎంతో చేరినప్పుడూ అంతే ఉండాలి.

వెండికే అంత జాగ్రత్త ఉంటే, పిల్లల సంగతి ఏమిటి?

"దేవుడే చూసుకుంటాడు లెండి" అనే మాట మన మధ్య తరచుగా వినబడుతుంది. ఆ మాట విశ్వాసంతో అన్నదైతే మంచిదే. పని తప్పించుకోవడానికి అన్నదైతే, అది దేవాలయ శిఖరం మీద సాతాను యేసుతో అన్న మాట లాంటిది. దూతలు పట్టుకుంటారు, దూకు అన్నాడు. అందుకు వాడు లేఖనాన్నే చూపించాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నాడు. లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని పడవ ఎక్కించి, అవతలి ఒడ్డున కృతజ్ఞతా ప్రార్థన చేయడం విశ్వాసం అనిపించుకోదు.

మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇంకా మానని గాయాలు రెండు గుర్తు చేస్తాం. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. వాన లేదు. ఎగువనున్న లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. చూస్తుండగానే నది పెరిగి 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి డెబ్బై మందికి పైగా ఎక్కిన పడవ, గోదావరి వరద మీదున్నప్పుడు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఆ రెండు ప్రయాణాలూ సంతోషంగానే మొదలయ్యాయి. ఆ తల్లిదండ్రులు కూడా పొద్దున్నే టిఫిన్ పెట్టి, జాగ్రత్త అని చెప్పి పంపారు.

మన ప్రాంతంలో మనకు అందిన అందమంతా నీళ్ల పక్కనే ఉంది. కృష్ణ, సాగర్ కాలువలు, ఎత్తిపోతల. అందుకే ఈ సంగతి మనకు దూరపు సంగతి కాదు.

ఇక మన సంఘంలో జరిగిన చర్చకు వస్తాం.

మన సండేస్కూలులో ఒక బాబు ఉన్నాడు. పేరు రాయం, వాడి తల్లిదండ్రుల అనుమతితోనే ఇంతవరకు రాస్తున్నాం. వయసు తొమ్మిదేళ్లు. పాట పాడుతుంటే మొదటి చరణానికి ముందు వరసలో ఉంటాడు, రెండో చరణానికి గుమ్మంలో ఉంటాడు, మూడో చరణానికి బయట మైకు సెట్టు పెట్టె మీద ఉంటాడు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెబుతాడు. రోడ్డవతల కుక్కపిల్ల కనబడితే ఆటో వస్తోందా లేదా చూడడు, పరుగెడతాడు. రెండేళ్ల కింద గుంటూరులో డాక్టరుకు చూపించారు. అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్ అన్నారు. ఏ.డి.హెచ్.డి. అని పొట్టిగా అంటారు. మందు వాడుతున్నారు, తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఇస్తున్నారు.

ప్రయాణానికి పేర్లు రాసుకుంటున్నప్పుడు వాడి తల్లి వచ్చింది. "వాడు రాడు లెండి అయ్యగారూ, ఆ రోజు వాళ్ల అమ్మమ్మగారి ఊరు వెళ్లాలి" అంది. అమ్మగారు ఆమెను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగితే అసలు సంగతి చెప్పింది. అమ్మమ్మగారి ఊరు ఏమీ లేదు. నిరుడు బడిలో విహారయాత్రకు వాడిని వద్దన్నారు. ఈసారి సంఘంలో కూడా వద్దంటారేమో, వాడు ఆ మాట వినేలోపు తనే మానిపించేస్తే నయం అనుకుంది. వాడు మాత్రం అప్పటికే సంచి సర్దుకున్నాడట.

పెద్దల కూటంలో ఆ సంగతి పెట్టాం. మన సంఘ పెద్దల్లో ఒకాయన ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన సూటిగా అడిగారు. "అయ్యగారూ, ముప్పై ఏడు మందిని చూసుకోవాల్సిన కళ్లన్నీ ఒక్కడి మీద పెడితే, మిగతావాళ్లను ఎవరు చూస్తారు? నీళ్ల దగ్గర ఒక్క నిమిషం చాలు." అది కఠినమైన మాట కాదు, న్యాయమైన ప్రశ్న. అలాంటి ప్రశ్న అడిగే పెద్ద ఉండటం సంఘానికి మేలు. ఇంకొకరు, వాడిని మానిపించి వచ్చేటప్పుడు బొమ్మ కొనుక్కొద్దాం అన్నారు. ఇంకొకరు, వాడు రాకపోతే అసలు ప్రయాణమే మానుకుందాం అన్నారు. గంటన్నర మాట్లాడుకున్నాం.

ఆ కూటంలో మేము ఆదికాండము 33 చదివాం. ఏశావు తమ్ముణ్ణి కౌగలించుకున్నాక, పద, కలిసి వెళ్దాం, నేను ముందు నడుస్తానన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్లు, మందల్లో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్కరోజు గట్టిగా తోలితే చచ్చిపోతాయి, నువ్వు ముందు వెళ్లు, నేను పిల్లల నడక ఎంతో అంత మెల్లగా వస్తానన్నాడు. ఏశావు వెంట నాలుగు వందల మంది మగవాళ్లున్నారు. వాళ్ల నడక వేరు. యాకోబు తన గుంపులో అందరికంటే బలహీనమైన కాళ్లను చూసి తన వేగం నిర్ణయించుకున్నాడు. అందరికంటే బలహీనమైనదాన్ని వదిలేసి వేగం పెంచుకుందామని అనలేదు.

కాబట్టి ప్రశ్న మారింది. వాడిని తీసుకెళ్లాలా వద్దా అనే ప్రశ్న పోయింది. వాడు క్షేమంగా ఉండాలంటే ప్రయాణం ఎలా ఉండాలి అనే ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబులు వెదికాక తెలిసిన సంగతేమంటే, వాడి కోసం చేసిన ఏర్పాటు ప్రతి ఒక్కటీ మిగతా ముప్పై ఏడు మందికీ పనికొచ్చింది.

ఈ రుగ్మత గురించి నాలుగు మాటలు చెప్పాలి. మనలో కొందరు దీన్ని అల్లరి అంటారు, కొందరు పెంపకం లోపం అంటారు, కొందరు దురాత్మ అని కూడా అంటారు. సహోదరులారా, అది అల్లరి కాదు, తల్లి చేసిన లోపం కాదు. అది మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి, కుటుంబాల్లో వారసత్వంగా కూడా వస్తుంది. కొందరు పిల్లలు కుదురుగా ఉండలేరు, ఆలోచించేలోపే కాళ్లు కదిలిపోతాయి. కొందరు కదలరు, మెదలరు, కాని మనసు ఒక్కచోట నిలవదు, పరధ్యానంగా ఉంటారు, చెప్పిన మాట మధ్యలోనే జారిపోతుంది. కొందరిలో రెండూ ఉంటాయి. పన్నెండేళ్లలోపే లక్షణాలు కనబడతాయి. ఇంట్లో మాత్రమే కాదు, బడిలోనూ ఇతర చోట్లా కనబడితేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. ఒక వారం అల్లరి చేసిన ప్రతి పిల్లవాడికీ మనం ఆ పేరు తగిలించకూడదు.

ప్రమాదం గురించి తెలుసుకోవలసింది ఇది. ఇలాంటి బాబుకు "నీళ్లలోకి వెళ్లకూడదు" అని తెలియదని కాదు. అడిగితే తప్పకుండా చెబుతాడు. కాని మెరిసే చేప కనబడిన క్షణంలో ఆ మాట గుర్తొచ్చేలోపు కాలు ముందుకు పడిపోతుంది. అందుకే వంద హెచ్చరికలకంటే చేతికందే దూరంలో ఒక పెద్దమనిషి ఉండటం మేలు. ద్వితీయోపదేశకాండము 22:8లో దేవుడు కొత్త ఇల్లు కట్టేవాడికి పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టమన్నాడు. పైన తిరిగేవాళ్లకు జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోమనలేదు. మాట మరిచిపోయేవాడిని కూడా గోడ ఆపుతుంది.

మేము చేసిన ఏర్పాట్లు ఇవి. మీ సంఘానికి తగినట్టు మార్చుకోండి.

1. ముందు చూసి రావడం. ప్రయాణానికి వారం ముందు మేమూ, ఒక యవ్వనస్థుడూ బండి మీద వెళ్లి చూసి వచ్చాం. నీళ్లు ఎక్కడున్నాయి, కంచె ఎక్కడ తెగిపోయింది, బాత్‌రూములు ఎక్కడ, ఫోను సిగ్నలు ఎక్కడ పోతుంది, దగ్గరలో ఆసుపత్రి ఏది. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక వాగు దాదాపు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది, దిగువ మడుగులో మొసళ్లున్నాయి. అక్కడ కంచె ఇవతల నుంచి చూడటమే గాని దిగే ప్రసక్తి లేదని అప్పుడే నిర్ణయించాం. లాంచీ మీద నాగార్జునకొండకు వెళ్దామని పిల్లలు చాలా ఆశపడ్డారు. ముప్పై ఎనిమిది మందికీ సరిపడే చిన్న సైజు లైఫ్ జాకెట్ల సంగతి తేలలేదు. అందుకే లాంచీ మానేశాం. పిల్లలు అలిగారు. అలగనిచ్చాం.

2. గుంపులు, జతలు. పిల్లలు ముప్పై ఎనిమిది మంది, పెద్దలు తొమ్మిది మంది. ఆరు గుంపులు చేశాం. ఒక్కొక్క గుంపులో ఆరుగురు లేక ఏడుగురు, ఒక్కొక్క గుంపుకు పేరుతో సహా ఒక పెద్ద. "అందరూ చూసుకోండి" అనే మాట వాడలేదు. మిగిలిన ముగ్గురిలో ఒకరు వరసకు ముందు, ఒకరు వెనక, ఒకరు లెక్కకు. గుంపులో ప్రతి పిల్లవాడికీ ఒక జత. జత లేకుండా బాత్‌రూముకు కూడా వెళ్లకూడదు. అందరికీ ఒకే రంగు టోపీలు. చొక్కా లోపలి జేబులో తల్లిదండ్రుల ఫోను నంబరు రాసిన చీటీ. పేరు మాత్రం పైకి కనబడేలా రాయలేదు. పేరు పెట్టి పిలిచే కొత్తవాడిని పిల్లలు తెలిసినవాడే అనుకుంటారు.

3. లెక్క. ఇది మన కండక్టరుగారు నేర్పారు. వాడిని తీసుకెళ్దామని నిర్ణయం అయ్యాక, మొదట అభ్యంతరం చెప్పిన ఆయనే "అయితే లెక్క నేను చూసుకుంటాను" అన్నారు. ఆయన పద్ధతి: బస్సు ఎక్కాక లెక్క, దిగాక లెక్క, తిండికి ముందు, తిండి అయ్యాక, చోటు మారిన ప్రతిసారీ లెక్క. తలలు లెక్కపెట్టి ఊరుకోకూడదు, పేర్లు కూడా పిలవాలి, ఎందుకంటే వేరే బడి పిల్లవాడు వరసలో నిలబడితే తలల లెక్క సరిపోతుంది. బస్సు ఖాళీ అయ్యాక చివరి సీటు దాకా నడిచి సీట్ల కింద చూడాలి, నిద్రపోయిన పిల్లవాడు మూసిన బస్సులో ఎండకు ఉడికిపోతాడు. లెక్క తేలకుండా "రైట్ రైట్" అనకూడదు. ఆయన ముప్పై ఏళ్లు చేసిన ఉద్యోగం ఆ రోజు పరిచర్య అయింది.

4. మన బాబు కోసం. వాడి తల్లిదండ్రులను అడిగి నేర్చుకున్నాం. బస్సులో ముందు సీటు, కిటికీ వైపు కాదు. ఒకసారికి ఒకే మాట చెప్పాలి, దగ్గరికి వెళ్లి కళ్లలోకి చూసి చెప్పాలి, ఏం చెప్పామో వాడితో తిరిగి చెప్పించాలి. "అల్లరి చేయొద్దు" అంటే వాడికి ఏమీ అర్థం కాదు. "తాడు దగ్గర ఆగు" అంటే అర్థమవుతుంది. రోజంతా ఏం ఏం జరుగుతుందో బొమ్మలతో ఒక కాగితం మీద గీసి ముందురోజే ఇచ్చాం. అనుకోని మార్పులు ఇలాంటి పిల్లల్ని బాగా కలవరపెడతాయి. గంటకోసారి పరుగెత్తడానికి నీళ్లకు దూరంగా చోటు చూపించాం. బాగా చేసిన వెంటనే మెచ్చుకోవాలి, సాయంత్రానికి దాచిపెట్టకూడదు. చేతికి ఒక పని ఇవ్వాలి. లెక్క పుస్తకం, పెన్ను మోసే పని వాడికిచ్చాం. కండక్టరుగారికి అసిస్టెంటు. ఎక్కడ లెక్క ఉంటే అక్కడ వాడుండాలి. అంటే లెక్క తప్పకుండా ఆయన పక్కనే ఉంటాడు.

మందు సంగతి. విహారయాత్ర గదా అని ఆ రోజు మందు మానిపించకూడదు, భయపడి ఎక్కువ వేయనూ కూడదు. డాక్టరు చెప్పినట్టే. కొన్ని మందులకు ఆకలి తగ్గుతుంది, కాబట్టి పొద్దున్నే కడుపునిండా పెట్టి పంపమన్నాం, మధ్యలో నీళ్లు, తిండి గుర్తు చేశాం. మందు తల్లి చేత కాగితం మీద రాయించుకొని అమ్మగారి దగ్గర ఉంచాం. వాడి జబ్బు సంగతి వాడి గుంపు పెద్దకూ, అమ్మగారికీ, కండక్టరుగారికీ చెప్పాం. మైకులో ప్రకటన చేయలేదు.

5. నీళ్ల దగ్గర. గట్టుకు పది అడుగుల ఇవతల తాడు కట్టి ఇద్దరు పెద్దలు నిలబడ్డారు. వాళ్ల చేతిలో ఫోను ఉండకూడదని నియమం. మునిగిపోయే పిల్లవాడు సినిమాల్లోలా కేకలు వేయడు. నోరు నీళ్ల పైకి రాక నిశ్శబ్దంగా వెళ్లిపోతాడు. ఎవరైనా పడితే ఈత రాని పెద్దలు దూకకూడదు. ఒకరి కోసం దూకి ముగ్గురు పోయిన ఇళ్లు మన మండలాల్లో ఉన్నాయి. కర్ర అందించాలి, తాడు విసరాలి, చీర విసరాలి, మూత బిగించిన ఖాళీ క్యాన్ విసరాలి. బయటికి తీశాక కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకూడదు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఇవ్వాలి, ఛాతీ నొక్కాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. మన యవ్వనస్థులు ఇద్దరు ముందుగానే ప్రభుత్వాసుపత్రి నర్సమ్మగారి దగ్గర ఇది నేర్చుకున్నారు.

6. మిగతావి. పొయ్యి పెట్టే ముందు చెట్టు పైకి చూడాలి. తేనెపట్టు ఉంటే పొగకు ఈగలు లేస్తాయి. రాళ్ల సందుల్లో చేతులు పెట్టనీయకూడదు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నాటు మందు వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, విషానికి విరుగుడు మందు అక్కడ ఉంటుంది. ఉరుము వినబడితే చెట్టు కింద నిలబడకుండా బస్సెక్కాలి. వేసవిలో వెళ్లేవాళ్లు పదకొండుకల్లా నీడకు చేరాలి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు దగ్గర ఉంచుకోవాలి. పెద్దలు పిల్లల్ని ఒంటరిగా పక్కకు తీసుకెళ్లకూడదు, ఇద్దరు పెద్దలు ఉండాలి. అది పాస్టరుకైనా ఒకటే నియమం.

అనుపులో జరిగిన ఒక సంగతి చెబుతాం. సాగర్ నీళ్లలో మునిగిపోవలసిన పాత కట్టడాలను తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. మెట్లు మెట్లుగా ఉన్న పురాతన రంగస్థలం పిల్లలకు బాగా నచ్చింది. బయట చెట్ల కింద పులిహోర తిన్నాక లెక్క మొదలైంది. తలలు ముప్పై ఏడు. కండక్టరుగారు ఏమీ మాట్లాడలేదు, పుస్తకం అందుకొని పేర్లు పిలవడం మొదలుపెట్టారు. అందరి చూపూ మొదట మన బాబు కోసం వెదికింది. వాడు ఆయన పక్కనే పెన్ను పట్టుకొని నిలబడి ఉన్నాడు.

జవాబు రాని పేరు ఒక పాపది. మూడో తరగతి. సండేస్కూలులో ఏనాడూ గొంతు వినబడని పిల్ల. ఎవరినీ విసిగించదు గనుక ఎవరికీ గుర్తుండదు. దాని జతను అడిగాం. "పక్కనే ఉందనుకున్నా" అంది. మరియ, యోసేపు అనుకున్నట్టే ఈ ఎనిమిదేళ్ల పిల్లా అనుకుంది.

గుంపుల పెద్దలు తమ గుంపులను కూర్చోబెట్టారు. తాడు దగ్గర ఉన్న ఇద్దరూ నీటి గట్టు చూశారు, ఇద్దరు బస్సు వైపు, అమ్మగారు రంగస్థలం వైపు వెళ్లారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పాప పై మెట్ల చివర కూర్చొని, పులిహోర మెతుకును మోసుకెళ్తున్న చీమలను చూస్తోంది. పిలుపు వినబడలేదట. ఏడవలేదు, భయపడలేదు. తప్పిపోయినట్టే దానికి తెలియదు.

అయిదు నిమిషాల్లో ఎందుకు దొరికింది? లెక్క అప్పుడే పెట్టారు గనుక. బస్సు బయలుదేరి మాచర్ల దాటాక ఆ లెక్క పెట్టి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. ఒక రోజు ప్రయాణం తరువాత చూసుకున్న తల్లిదండ్రులకు మూడు రోజులు పట్టింది. మేము తిండి అయిన వెంటనే చూసుకున్నాం, అయిదు నిమిషాలు పట్టింది.

ఇంకొక సంగతి ఆలోచించండి. గొర్రెపిల్ల ఉపమానంలో వంద గొర్రెల కాపరికి ఒకటి తప్పిందని ఎలా తెలిసింది? తొంభై తొమ్మిది చూస్తే వందలాగే కనబడతాయి. అతను లెక్కపెట్టేవాడు గనుక తెలిసింది. వెదకడం గురించి మనం ఎంతో చెబుతాం, పాడతాం. లెక్కపెట్టని కాపరికి వెదకాలని కూడా తెలియదు. అరిచే గొర్రె ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది. మెదలకుండా పక్కకు పోయే గొర్రె లెక్కలోనే దొరుకుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ బిడ్డకు కుదురు లేకపోయినా, ఎప్పుడూ పరధ్యానంగా ఉన్నా, కొట్టి సరిచేయాలని చూడకండి, దాచిపెట్టనూ వద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు ఇలాంటి ఇబ్బందులను కూడా చూస్తాయి. పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలకు ఆ పరీక్షలు ఉచితం. అవసరమైతే జిల్లా స్థాయిలో ఉన్న సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. మందు వాడటం విశ్వాసం లేకపోవడం కాదు. కళ్లజోడు పెట్టుకొని బైబిలు చదివే మనం ఆ మాట అనకూడదు. ప్రయాణానికి పంపేటప్పుడు ఆయాసం, మూర్ఛ, పడని తిండి, మందులు ఏమున్నా దాచకుండా చెప్పండి. చెబితే తీసుకెళ్లరేమో అని మీరు భయపడకుండా ఉండేలా చూడటం సంఘం బాధ్యత.

సంఘ పెద్దలకు ఒక మాట. మీ సంఘంలో కూడా అమ్మమ్మగారి ఊరు వెళ్లాలని చెప్పి వెనక్కి తిరిగిపోయే తల్లి ఉండి ఉంటుంది. ఆమె కారణం చెప్పినప్పుడు సరేనని పేరు కొట్టేయకండి. లోపలికి పిలిచి మంచినీళ్లివ్వండి. అలాగని ధైర్యం చెప్పి ఊరికే తీసుకెళ్లకండి. ఆ బిడ్డకు కావలసినంతమంది మనుషులు, కావలసినంత నెమ్మది సమకూర్చలేకపోతే చోటు మార్చండి. ఎత్తిపోతలే చూడాలని లేదు. ఊరి చివర మామిడి తోటలో కూడా పిల్లలు సంతోషిస్తారు. చోటు తగ్గించుకోవచ్చు గాని పిల్లవాడిని తగ్గించుకోకూడదు.

హెబ్రీయులకు 13:17లో, నాయకులు ఆత్మల విషయం లెక్క ఒప్పజెప్పవలసిన వారని వ్రాయబడింది. సెమినరీలో ఆ వచనం చదువుకున్నప్పుడు అది అంత్యదినానికి సంబంధించిన పెద్ద మాటగా మాకు కనబడేది. ఇప్పుడు చర్చి గుమ్మంలో, సాయంత్రం ఏడు గంటలకు, చేతులు చాచి నిలబడిన తల్లులకు ఒక్కొక్క బిడ్డను పేరు పిలిచి అప్పగించే పనిలో కూడా ఆ వచనమే కనబడుతోంది. ఆ చిన్న లెక్క సరిగా ఒప్పజెప్పడం నేర్చుకుంటే, పెద్ద లెక్కకు కూడా కొంత సిద్ధపడినట్టే.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, మా తలవెండ్రుకలను సహితము లెక్కించిన దేవా, నీవు మా చేతుల్లో పెట్టిన పిల్లలను లెక్కపెట్టే ఓపికను మాకు దయచేయుము. కుదురులేని బిడ్డ దగ్గర విసుగు లేకుండా, మాట్లాడని బిడ్డ దగ్గర మరుపు లేకుండా మమ్ములను కాపాడుము. నీళ్లలో బిడ్డలను పోగొట్టుకొన్న ఇళ్లను ఆదరించుము. ఈ సెలవుల్లో బయలుదేరు ప్రతి బండిని, ప్రతి పడవను క్షేమముగా చేర్చుము. బయలుదేరినప్పుడు ఎందరో చేరినప్పుడూ అందరే ఉండునట్లు కృప చూపుమని యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.